కాక నోటుబుక్కులో దగ్గు

మా కాక దగ్గర ఎర్ర అట్ట వేసిన పొడుగాటి నోటుబుక్కు ఒకటి ఉంటుంది, కిరాణా దుకాణంలో బాకీలు రాసుకునే రకం. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, సిరోంచ తాలూకాలో, ప్రాణహితకు ఇవతలి ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఆర్ఎంపీ. కాక అంటే చిన్నాన్న. ఈ ఒక్క మాట దగ్గర మా ఇంటి తెలుగుకూ బడిలో నేర్చిన మరాఠీకీ పేచీ లేదు. నేను అదే తాలూకాలో ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పద్దెనిమిదేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా తెమడ పరీక్షలు చేశాను. ఊరి దగ్గు మొదట ఆయన వాకిట్లో వినిపించేది. నా దాకా వచ్చేసరికి అందులో నెత్తురు కలిసి ఉండేది.

2018లో వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక ఉదయం నా మైక్రోస్కోపు కింద పెట్టిన స్లైడు నిండా ఎర్రటి పుల్లలు కనిపించాయి. టీబీ క్రిమికి ఒక మొండితనం ఉంది. కార్బాల్ ఫుక్సిన్ రంగును వేడి చేసి పట్టిస్తే, ఆ తర్వాత ఆమ్లంతో ఎంత కడిగినా అది ఆ ఎరుపును వదలదు. చుట్టూ ఉన్నదంతా వెలిసిపోయి, పైన పోసిన మెథిలీన్ బ్లూతో నీలంగా మారుతుంది. ఒక్కో ఫీల్డులో, అంటే మైక్రోస్కోపులో ఒక్క చూపుకు కనిపించే మేరలో, పదికి మించి క్రిములు కనిపిస్తే త్రీ ప్లస్ అని రాస్తాం, అన్నిటికంటే పై మెట్టు అది. ఆ స్లైడు నంబరుకు ఎదురుగా రిజిస్టరులో ఉన్న పేరు మా వీధి చివరి ఇంటి మనిషిది, వరసకు నాకు బావ. మిరప చేలలో కూలికి పోయేవాడు, వయసు ముప్పై ఎనిమిది.

ఆ సాయంత్రం కాక ఇంటికి పోయి నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. బావ పేరు తొమ్మిది చోట్ల ఉంది. మొదటిసారి 'జరం, దగ్గు' అని రాసి, పక్కన మలేరియా గోలీలు, ఒక సూది, 150 రూపాయలు. వారానికి మళ్లీ దగ్గు. ఈసారి లీవోఫ్లాక్సాసిన్ ఐదు రోజులు, డెక్సా సూది రెండు పూటలు. ఆ తర్వాత పన్నెండు రోజులు పేరు కనిపించదు. "నయమైందనుకున్న బిడ్డా, అన్నం మంచిగ తింటున్నడని వాళ్లింటామె చెప్పింది" అన్నాడు కాక. పదమూడో రోజున మళ్లీ దగ్గు, మళ్లీ అదే మందు. మొదటి పేరుకూ నా స్లైడుకూ మధ్య అరవై రెండు రోజులు గడిచాయి. ఆ చలికాలంలోనే బావ నాలుగేళ్ల కూతురికి మెడ పక్కన గడ్డలు తేలాయి, అవీ టీబీవే.

ఆ పన్నెండు రోజుల్లో ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే నేను చేయబోయే వాదనంతా అక్కడే మొదలవుతుంది. లీవోఫ్లాక్సాసిన్ మామూలు దగ్గు మందు కాదు. సాధారణ మందులకు లొంగని టీబీకి వాడే మందుల్లో అది ముఖ్యమైనది. ఐదు రోజులు ఒంటరిగా ఇస్తే క్రిములు కొన్ని చస్తాయి, దగ్గు తగ్గుతుంది, ఆ రోజుల్లో తెమడ పరీక్ష చేసినా క్రిమి కనిపించకపోవచ్చు. బతికి బట్టకట్టిన క్రిములు మాత్రం ఆ మందుకు అలవాటు పడడం మొదలుపెడతాయి. డెక్సామెథాసోన్ సంగతి ఇంకా మాయ. జ్వరాన్ని, ఒళ్లునొప్పులను అణచి, ఆకలి పుట్టించి, మనిషికి బాగైపోయినట్టు అనిపించేలా చేస్తుంది. లోపల మాత్రం రోగంతో పోరాడే బలాన్ని తగ్గిస్తుంది. రెండూ కలిపితే టీబీకి దుప్పటి కప్పినట్టే. కాక ఈ పని తెలిసి చేయలేదు. కానీ తెలియక చేశాడు కాబట్టి తెలియజెప్తే సరిపోతుందని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం తప్పని తర్వాత అర్థమైంది.

మా బావ కథ వింతేమీ కాదు. మన దేశంలో టీబీ రోగుల ఆలస్యం మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ గుదిగుచ్చి 2014లో ఒక సమీక్ష వచ్చింది. లక్షణాలు మొదలైన నాటి నుంచి సరైన చికిత్స మొదలయ్యే దాకా నడిమి లెక్కన 55 రోజులు పడుతోందనీ, ఈలోపు రోగి సగటున ముగ్గురు వైద్యుల దాకా తిరుగుతున్నాడనీ అది తేల్చింది. బావ కేవలం ఒక్క వారం వెనకబడ్డాడు. ఒక్క వైద్యుడి దగ్గరే అన్ని రోజులూ గడిపాడు కూడా, ఎందుకంటే మా దగ్గర మరో వైద్యుడు లేడు.

మా తాలూకా గురించి తెలియనివాళ్లకు ఇక్కడ రెండు మాటలు. సిరోంచ మహారాష్ట్రలో ఉంది, జిల్లా కేంద్రం గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆలాపల్లి మీదుగా అడవిలో సాగే ఆ దారిలో వానాకాలం ప్రయాణం గురించి చెప్పకపోవడమే మేలు. అవతలి ఒడ్డున కాళేశ్వరం కనిపిస్తూ ఉంటుంది. వంతెన వచ్చాక పెద్ద రోగమేదైనా మావాళ్లు మంచిర్యాలకో భూపాలపల్లికో వరంగల్లుకో పోతారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలోకి పోయేకొద్దీ మాడియా, గోండీ. రాత్రి ఏడు గంటలకు కూలి నుంచి తిరిగి వచ్చినవాడికి దగ్గొస్తే తలుపు తట్టదగిన ఇల్లు మా కాకది ఒక్కటే. ఆయన డబ్బు వెంటనే అడగడు, పత్తి అమ్మినాక ఇమ్మంటాడు, తునికాకు డబ్బులు వచ్చినాక ఇమ్మంటాడు. ఆ బాకీల పద్దే ఆ ఎర్ర నోటుబుక్కు.

పైగా ఇది మలేరియా నేల. జ్వరమంటే ముందు మలేరియా అనుకోవడం ఇక్కడ మూర్ఖత్వం కాదు, అనుభవం. రక్తపు చుక్కతో చేసే పట్టీ పరీక్షలో మలేరియా లేదని తేలిన తర్వాత ఏం చేయాలన్నది ఎవరూ నేర్పని పాఠం. ఆ ఖాళీలోకే సూది దిగుతుంది.

ఇక ఆ మూడక్షరాల సంగతి. చట్టం దృష్టిలో ఆర్ఎంపీ అంటే వైద్యం చదివి వైద్య మండలిలో పేరు నమోదు చేసుకున్న డాక్టరు. మన పల్లెల్లో ఆ మాట తలకిందులై, నమోదు లేనివాడే ఆర్ఎంపీ అయ్యాడు. నదికి ఇవతల ప్రభుత్వ కాగితాల్లో ఆయన పేరు 'బోగస్ డాక్టర్'. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా. చట్టం అలా ఉండాలనే నేనూ అంటాను. కానీ 2001 జనాభా లెక్కల ఆధారంగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక చెప్పినదేమిటంటే, మన దేశంలో అల్లోపతి వైద్యులమని చెప్పుకున్నవాళ్లలో 57 శాతం మందికి వైద్య విద్యార్హతే లేదు, పల్లెల్లోనైతే అర్హత ఉన్నవాళ్లు ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. ఆ లెక్క పాతదే. అయినా మా తాలూకాలో ఊరూరా తిరిగిన నాకు అది పాతదిగా అనిపించదు. మా ఆర్ఎంపీల గదులు మూయిస్తే ఏమవుతుందో కూడా చూశాను. తనిఖీ జీపు వస్తోందని తెలిస్తే పది రోజులు గదులకు తాళాలు పడతాయి. ఆ పది రోజుల్లో మా ల్యాబుకు అదనంగా ఒక్క తెమడ డబ్బా కూడా వచ్చిన గుర్తు లేదు. దగ్గేవాళ్లు ఇంట్లో కూర్చుని దగ్గారు. 2019–21 జాతీయ టీబీ సర్వే కూడా ఛాతీ లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఏ వైద్యుడి దగ్గరికీ పోలేదని చెప్పింది. దగ్గు పట్టించుకుని కాక గడప తొక్కినవాడు ఆ లెక్కన కాస్త నయం.

కాబట్టి వీళ్లకు శిక్షణ ఇవ్వాలి అన్న మాటతో నాకు పేచీ లేదు. ఏ శిక్షణ అన్నదే నా పేచీ.

పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో లివర్ ఫౌండేషన్ వాళ్లు ఇలాంటి గ్రామీణ వైద్యులకు తొమ్మిది నెలలపాటు, మొత్తం 150 గంటల శిక్షణ ఇచ్చారు. దాని ఫలితాన్ని కొలవడానికి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, జిష్ణు దాస్ తదితరులు 304 మంది వైద్యులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకే శిక్షణ ఇప్పించి, తర్వాత రెండు జట్ల దగ్గరికీ రోగుల్లా నటించే మనుషులను పంపారు. ఫలితాలు 2016 అక్టోబరులో సైన్స్ పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు రోగాన్ని సరిగ్గా పట్టి సరైన వైద్యం చేయడం సుమారు 8 శాతం పాయింట్ల మేర పెరిగింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ అవసరం లేని మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం ఏమాత్రం తగ్గలేదు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు కాక గుర్తొచ్చాడు. నేను చెప్పిన ప్రతి పాఠమూ ఆయనకు అర్థమైంది. డెక్సా ఎందుకు ఇవ్వకూడదో ఆయన ఇంకొకరికి చెప్పగలడు. అయినా సంచిలో డెక్సా ఉండనే ఉంది.

దీని పక్కన మా జిల్లాలోనే జరిగిన మరో పనిని పెట్టి చూడండి. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1986లో నెలకొల్పిన సెర్చ్ సంస్థ, 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పోయి పసిగుడ్డులను చూసుకోవడం, రక్తంలో విషక్రిమి చేరిన లక్షణాలు కనిపిస్తే జెంటామైసిన్ సూది వేయడం నేర్పింది. మూడో ఏటికి అక్కడ పురిటి నెలలో చనిపోయే పిల్లల సంఖ్య 62 శాతం తగ్గింది. 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ఆ ఫలితాన్ని ప్రచురించింది. డాక్టరు కానివాళ్ల చేతికి సూది ఇవ్వడమా అని ఆరోజు ముక్కున వేలేసుకున్న దేశమే, సూది మాట పక్కన పెట్టి, ఆ ఇంటింటి పద్ధతిని 2011 నుంచి ఆశా కార్యకర్తల ద్వారా అన్ని రాష్ట్రాలకూ తీసుకుపోయింది.

బీర్భూమ్‌లో అవసరం లేని మందులు ఎందుకు తగ్గలేదు, గడ్చిరోలిలో సూది అదుపులో ఎలా ఉంది? బుద్ధిబలంలో తేడా అనుకోను, ఆ మాటకొస్తే బీర్భూమ్ వైద్యులే ఎక్కువ చదువుకున్నవాళ్లు కావచ్చు. సెర్చ్ కార్యకర్త సూది అమ్ముకుని బతకదు. ఆమె పైన అడిగేవాళ్లున్నారు, ఆమె చేసిన పనికి ఆమెకు డబ్బు ముడుతుంది, సూది వేయకపోతే ఆమె పొయ్యి ఆరిపోదు. బీర్భూమ్ వైద్యుడి తలకు పాఠం ఎక్కింది, జేబుకు ఎక్కలేదు. మా కాకకూ అంతే.

ఆ జేబు లెక్క ఎర్ర నోటుబుక్కులోంచే చెప్తాను. అరవై రెండు రోజుల్లో బావ దగ్గర కాకకు రావలసినది 1,740 రూపాయలు, అందులో మందుల ఖర్చు తీసేస్తే సగానికి కాస్త ఎక్కువ మిగులు. మొదటి వారంలోనే బావను నా దగ్గరికి పంపించి ఉంటే? టీబీ ఉందని తేలిన రోగిని ముందుగా గుర్తించి తెలియజేసినవారికి ప్రభుత్వం 500 రూపాయలు ఇస్తుంది, ఇది పథకంలో ఉన్న మాట. అయితే తేలితేనే ఇస్తుంది. నా ల్యాబు అనుభవంలో దగ్గు అనుమానంతో వచ్చిన పది తెమడల్లో ఒకటి పాజిటివ్ వస్తే ఎక్కువ. అంటే కాక పదిమందిని పంపాలి, ఆ పదిమంది దగ్గరా వచ్చే రాబడిని వదులుకోవాలి, అందులో ఒక్కరికి టీబీ తేలితే, ఎన్నాళ్లకో బ్యాంకు ఖాతాలో ఒక 500 పడుతుంది. తేలని తొమ్మిదిమందీ "ఉత్తగనే పట్నం తిప్పిండు" అని ఆయన్ను తిట్టుకుంటారు, తర్వాతి జ్వరానికి పక్క ఊరి ఆర్ఎంపీ దగ్గరికి పోతారు. ఇంత తెలివితక్కువ బేరం మా సంతలో ఎవరూ చేయరు.

అందుకని నా వాదన ఇది: టీబీ శిక్షణ అనేది ఆర్ఎంపీకి ఒక కొత్త పనినీ ఆ పనికి తగిన కూలినీ కలిపి ఇచ్చేదిగా ఉండాలి, కూలి లేని శిక్షణ, భోజనం పెట్టి ఫోటో తీసి పంపించే మీటింగు మాత్రమే. ఆ కూలి కూడా పాజిటివ్ వచ్చిన రోగికి కాకుండా, ల్యాబుకు చేరిన సరైన తెమడకు ఇవ్వాలి. 'సరైన' అన్న మాటను నేను ఊరికే వాడలేదు. డబ్బాకు ఇంత అని ప్రకటిస్తే మర్నాడే నా బల్ల మీద ఇరవై డబ్బాల ఉమ్మి వచ్చి పడుతుంది, నా జాతి ప్రజల ఉపాయం మీద నాకు అంత నమ్మకం ఉంది. ఉమ్మికి డబ్బు ఇవ్వకూడదు. తెమడను చూసి ఇదీ అదీ అని చెప్పడానికి టెక్నీషియన్‌కు ఒక్క నిమిషం చాలు.

నిజానికి తెమడ తీయించడం అనేదే ఈ శిక్షణలో నడుం కట్టి నేర్పవలసిన విద్య. రోగి చేతికి డబ్బా ఇచ్చి 'ఇందులో ఉమ్మి తీసుకురా' అంటే నోట్లో ఊరిన నీళ్లు తెస్తాడు. పొద్దున లేవగానే, పండ్లు తోమకముందే ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించాలి. గదిలో కాదు, గాలి ఆడే ఆరుబయట, ఎవరూ ఎదురుగా లేనిచోట నిలబడాలి. రెండు మూడుసార్లు లోతుగా ఊపిరి తీసి వదిలి, తర్వాతి ఊపిరిని బిగబట్టి, పొత్తికడుపు నుంచి దగ్గాలి. చిక్కగా, పసుపుగానో చీముగానో, ఒక చెంచాకు తక్కువ కాకుండా రావాలి. డబ్బా అంచుకు అంటకుండా మూత గట్టిగా బిగించి, పేరును మూత మీద కాకుండా డబ్బా ఒంటి మీద రాయాలి, మూతలు మారిపోతాయి. ఎండ తగలకుండా, చల్లగా, ఆ రోజే పంపాలి. ట్రూనాట్ యంత్రం ఇప్పుడు గంటా రెండు గంటల్లో టీబీ ఉందా లేదా, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా లేదా చెప్పేస్తుంది కానీ, దానికీ తెమడే కావాలి, ఉమ్మి పనికిరాదు. మా ఆరోగ్య కేంద్రంలో ఈ పాఠం చెప్పడానికి ఒక్కో రోగికి పది నిమిషాలు పట్టేది, రద్దీ రోజున ఆ పది నిమిషాలు ఉండేవి కావు. కాక దగ్గర పది నిమిషాలకు కొదవ లేదు. రోగి భాష ఆయనకు వచ్చు, రోగి సిగ్గు ఆయనకు తెలుసు.

రెండో పాఠం చేయకూడని వాటిది, అది చిన్న కాగితం మీద పడుతుంది. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, తెమడలో నెత్తురు — వీటిలో ఏది కనిపించినా తెమడ పోయేదాకా లీవోఫ్లాక్సాసిన్, దాని చుట్టాలైన ఫ్లాక్సాసిన్‌లు, స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్, డెక్సా, దానిలాంటిదే అయిన బీటామెథాసోన్ ముట్టకూడదు. టీబీ మందులు సొంతంగా ఇవ్వడం అసలే కూడదు. కొందరు మిత్రులు శిక్షణ ఇచ్చాక ఆర్ఎంపీలే టీబీకి వైద్యం చేయవచ్చు కదా అంటారు, దానికి నేను ఒప్పుకోను. బరువును బట్టి గోలీల లెక్క మారుతుంది, మందుకు లొంగని టీబీకి దారే వేరు, షుగరు ఉందేమో, హెచ్ఐవీ ఉందేమో చూడాలి. కాక ఎందరికి షుగరు ఉందో తెలియకుండా గ్లూకోజు బాటిళ్లు ఎక్కించాడో నాకు తెలుసు.

మూడో పాఠం రోగం తేలిన తర్వాతిది. దాన్ని శిక్షణల్లో చివరి అరగంటలో హడావుడిగా ముగించడం చూశాను. టీబీ చికిత్స ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన గోలీలు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులవి, రోజూ మింగాలి. మొదటి వారంలోనే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, నోరు చేదవుతుంది. రోగి వెంటనే ఎక్కడికి పోతాడు? మళ్లీ కాక దగ్గరికే. మావాళ్ల మాటల్లో దానికి ఒకటే పేరు, 'వేడి చేసింది'. నాలుగు రోజులు గోలీలు ఆపి గ్లూకోజు ఎక్కించుకుంటే చల్లబడుతుందని ఊరి వైద్యం. ఎన్ని చికిత్సలు ఆ ఒక్క 'వేడి' మాట దగ్గర ఆగిపోయాయో లెక్క లేదు. మూత్రం రంగు రిఫాంపిసిన్‌ది, భయం లేదని చెప్పడం, వికారానికి ఏ పూట ఎలా మింగాలో చెప్పడం, అదే సమయంలో కళ్లు పచ్చబడితే, చూపు మసకబారితే ఆ రోజే పెద్ద దవాఖానకు పంపడం ఆర్ఎంపీ నేర్వగలిగిన విద్యలే. చికిత్సకు తోడుగా నిలిచినవారికి మందులు ముగిశాక 1,000 రూపాయలు, మందులకు లొంగని టీబీ అయితే 5,000 ఇస్తారు. ఆ పని ఆశా కార్యకర్త చేస్తోంది కదా అంటారేమో. చేస్తోంది, మా ఊరి ఆశా పని చూసి నేను దండం పెడతాను. కానీ ఆమె రోజులో ఎక్కువ భాగం గర్భిణులతో, పసిపిల్లలతో గడుస్తుంది. టీబీ ఎక్కువగా ఉన్నది మగవాళ్లలో, వాళ్లు కూర్చునేది సాయంత్రం కాక అరుగు మీద. తునికాకు కాలంలో ఏ ఇంటివాళ్లు ఏ అడవికి పోయారో, మిరప ఏరడానికి నది దాటి ఎవరు ఎన్నాళ్లకు పోయారో ఆయనకు బాకీల వల్ల తెలుస్తుంది. మూడో నెలలో దగ్గు తగ్గి ధీమా పుట్టి, గోలీల పట్టీ ఇంట్లో మరచిపోయి పనికి పోయినవాణ్ని పట్టుకోగలిగినది అప్పిచ్చినవాడే.

డాక్టర్ల సంఘాల అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. శిక్షణ ఇస్తే రేపు దాన్ని చూపించి డాక్టరుగా చెలామణి అవుతారని ఐఎంఏ ఎప్పటి నుంచో అంటోంది, ఆ భయం వట్టిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఆర్ఎంపీలకు శిక్షణ మొదలైంది. నది అవతల మా చుట్టాల ఊళ్లో ఒకాయన గదిలో శిక్షణ కాగితాన్ని ఫ్రేము కట్టించి, వేంకటేశ్వరస్వామి పటం పక్కన, రోగి తల పైన సరిగ్గా కనిపించేలా తగిలించడం నేను కళ్లారా చూశాను. ఆ కాగితం కిందనే సెలైన్ బాటిల్ వేలాడుతోంది. అందుకే టీబీ శిక్షణకు సర్టిఫికెట్ ఇవ్వవద్దంటాను. తెమడ డబ్బాలు, చల్లటి పెట్టె, బరువు చూసే తూకం, టెక్నీషియన్ ఫోను నంబరు ఇవ్వండి. గోడకు కొట్టుకోవడానికి పనికిరానివన్నీ ఇవ్వండి. ఈ పద్ధతి నేను కలగన్నది కూడా కాదు. బంగ్లాదేశ్‌లో డేమియన్ ఫౌండేషన్ 12 వేలమందికి పైగా పల్లె వైద్యులకు శిక్షణ ఇచ్చి అనుమానితులను పంపే పనిలోనూ, దగ్గరుండి మందులు మింగించే పనిలోనూ పెట్టుకుంటే, చికిత్స విజయవంతమైన రోగులు 90 శాతం దాకా ఉన్నారని 2006లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది.

మరో అభ్యంతరం నాదే, నేనే చెప్పుకుంటాను. ఆర్ఎంపీని సరిచేసి ప్రభుత్వాన్ని సరిచేయకపోతే ఏం లాభం? 2024 తొలి నెలల్లో టీబీ గోలీలకు కరువొచ్చి, స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది. అలాంటి నెలలో కాక ఒక రోగిని పంపి, ఆ రోగి ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆయన మరొకరిని పంపుతాడా? నేనైతే పంపను. 2018 మార్చిలో ఢిల్లీలో, ప్రపంచం కంటే ఐదేళ్లు ముందుగా 2025కల్లా టీబీని అంతం చేస్తామని ప్రకటించారు. ఆ గడువు గురించి మా ల్యాబులో పెద్ద చార్టు అంటించారు, వానకు గోడ చెమర్చి అది ఊడిపోయింది.

మా సరిహద్దుకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. నేను హాజరైన ఒక శిక్షణలో పంచిన కరపత్రాలు మరాఠీలో ఉన్నాయి. వచ్చిన పద్నాలుగు మందిలో చక్కగా చదవగలిగినవాళ్లు ఐదుగురు. మిగిలినవాళ్లు నా తరం కంటే ముందువాళ్లు, మందుల డబ్బా మీది ఇంగ్లీషు పేరు కూడబలుక్కుంటారు, తెలుగు చదువుతారు. అవతలి ఒడ్డున తెలంగాణలో తెలుగు కరపత్రాలు కుప్పలుగా ఉంటాయి, వంతెన దాటి ఇవతలికి రావడానికి వాటికి ఏ శాఖ అనుమతి కావాలో మరి. రోగి మాత్రం అనుమతి అడగకుండా దాటుతాడు. వరంగల్లులో టీబీ తేలిన మావాళ్ల పేరు అక్కడ, టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కుతుంది. ఆ పోర్టల్ దేశమంతటికీ ఒకటే, పేరును ఇక్కడికి మార్చవచ్చు, అప్పుడు నెలల లెక్కన ఇచ్చే పోషణ డబ్బు కూడా ఇక్కడే అందుతుంది. 2018లో నెలకు 500గా మొదలైన ఆ డబ్బు 2024 నవంబరు నుంచి 1,000 అయింది. కానీ అక్కడ ఇచ్చిన ఫోను నంబరు చుట్టాలది, ఊరి పేరు సగమే రాశారు, ఇక్కడివాళ్లకు ఆ మనిషి ఎవరో అంతు చిక్కదు. ఊరి పేరు చెప్పగానే ఇంటి పేరు చెప్పగలిగే ఆర్ఎంపీలను రెండు ఒడ్ల నుంచీ ఒకే గదిలో, ఒకే భాషలో కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వడానికి రెండు జిల్లాల టీబీ అధికారులు ఒకసారి ఫోనులో మాట్లాడుకుంటే చాలు.

కాకను ఆ మొదటి శిక్షణకు తీసుకుపోవడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. "మీటింగంటరు, పేర్లు రాసుకుంటరు, మల్ల జీపేసుకొని అస్తరు" అన్నాడు. పోలేదు. చివరికి నేనే ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చుని చెప్పాను. మొదట ఎగతాళి చేశాడు, తర్వాత బావ కూతురు మెడ మీది కట్టు విప్పిన రోజున ఏమీ మాట్లాడకుండా డబ్బాలు ఇమ్మన్నాడు. సూదికి వచ్చే రాబడి పోతుంది కదా అని అడిగితే, తెమడ తీయించినందుకు రోగి దగ్గర ఇరవై రూపాయలు తీసుకుంటానన్నాడు. ప్రభుత్వం ఉచితంగా చేసే పరీక్షకు ఇరవై రూపాయలా అని నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచించి ఊరుకున్నాను. డెక్సా ఖర్చు కంటే అది తక్కువే. ఆ డబ్బు రోగికి బదులు ప్రభుత్వం ఇచ్చి ఉండాల్సిందన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఆయన పూర్తిగా మారాడని చెప్తే అబద్ధమవుతుంది. మోకాళ్ల నొప్పులకు డెక్సా ఇప్పటికీ ఇస్తాడు, నేను పోయినప్పుడు ఆ సీసా సంచి అడుగుకు పోతుంది. కానీ దగ్గు పేరు మొదటిసారి రాసిన చోట ఇప్పుడు తేదీకి సున్నా చుడతాడు, అక్కడి నుంచి వేళ్ల మీద పద్నాలుగు లెక్కపెట్టి రెండో తేదీ పక్కన రాస్తాడు. ఆ రోజుకు మనిషి రాకపోతే పిల్లగాడితో కబురు పంపుతాడు. బాకీ వసూలుకు వాడిన పద్ధతే ఇది. మొన్న పోయినప్పుడు చూస్తే నోటుబుక్కులో అలాంటి సున్నాలు నాలుగు ఉన్నాయి, సంచిలో ఖాళీ డబ్బాలు రెండే మిగిలాయి. మా కేంద్రంలో కొత్త టెక్నీషియన్‌ను అడిగి ఇంకో పది తీసుకుపోవాలి.